పిల్లల హోమ్‌కు వచ్చే మిషనరీ బృందాలకు ఒక వార్డెన్ చెప్పే జాగ్రత్తలు

నేను హనుమకొండ శివార్లలో ఒక చిన్న పిల్లల హోమ్‌లో వార్డెన్‌ని. వంటగది లెక్కలు కూడా నావే. డిసెంబరు వచ్చిందంటే చాలు, హైదరాబాదు నుంచి, కోస్తా జిల్లాల నుంచి, అప్పుడప్పుడు అమెరికా, కొరియా నుంచి సువార్త బృందాలు మా గేటు ముందు వరుస కడతాయి. పొద్దున ఒక కేకు, సాయంత్రం ఇంకో కేకు. అదే జూన్‌లో బడులు తెరిచే వారంలో నరమానవుడు కనిపించడు. లాంగ్ నోటుబుక్కుల కోసం నేను దుకాణంలో అరువు పెట్టుకోవాలి.

కాబట్టి తేదీ ఖాయం చేసుకుని మాకు కబురు చేయడం కాదు, ముందు ఫోను చేసి ఏ నెలలో ఏమి కొరవడుతుందో అడగండి. రైలు టికెట్ల సంగతి ఆ తర్వాత. మార్చిలో పదో తరగతి పిల్లలకు పరీక్షలుంటాయి, గిటార్లు, స్పీకర్లతో ఎవరూ రావద్దు. మే నెల ఎండల్లో వచ్చినా ప్రయోజనం లేదు. చాలామంది పిల్లలు అప్పుడు మేనమామ ఇంటికో నానమ్మ దగ్గరికో వెళ్లి ఉంటారు.

అవును, మా పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో నానమ్మో ఉన్నారు. ఒక అమ్మాయి తల్లి మిర్చి ఏరే కూలికి వెళ్తుంది. పని లేని ఆదివారం సంచిలో సర్వపిండి పెట్టుకుని వస్తుంది. కారం పట్టిన వేళ్లు మండుతుంటాయని కూతురి ముఖం తాకకుండా పక్కన కూర్చుంటుంది. అలాంటి పిల్ల ఎదురుగా మైకు పట్టుకుని ‘మీకు ఎవరూ లేరు, దేవుడే మీ తండ్రి’ అంటే ఆ పిల్లకు ఎలా ఉంటుంది? ఏ పిల్లనూ అమ్మానాన్నల గురించి అడగకండి. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు.

బయలుదేరే ముందు కాగితాలు అడగండి. 2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా నమోదు కావాలి. పిల్లలు బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతో రావాలి. నమోదు పత్రం చూపించమంటే సరైన హోమ్ వాళ్లెవరూ నొచ్చుకోరు. ‘మన విశ్వాసుల మధ్య ఈ కాగితాలెందుకు అయ్యగారూ’ అని దాటవేశారంటే అక్కడికి వెళ్లకండి, డబ్బూ పంపకండి. పిల్లలకు హాని జరుగుతోందని అనుమానం వస్తే 1098కి ఫోను చేయండి.

విదేశాల నుంచి వచ్చేవారికి రెండు మాటలు. పర్యాటక వీసా మీద వచ్చి ఆరాధనలో కూర్చోవచ్చు గానీ వాక్యం బోధించకూడదు, కరపత్రాలు పంచకూడదు. మిషనరీ పనికి వేరే వీసా ఉంది. పిలిచిన పాస్టరుగారు ‘ఏం కాదు లెండి’ అంటారు. ఏదైనా అయినప్పుడు అధికారుల ఎదుట నిలబడి జవాబు చెప్పేది మాత్రం హోమ్ వాళ్లు. డబ్బు విషయమూ అంతే. విదేశీ విరాళాల చట్టం కింద నమోదైన సంస్థే ఆ డబ్బు తీసుకోవాలి, అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతా ద్వారానే. రూపాయల్లోకి మార్చి ఇచ్చినా అది విదేశీ విరాళమే. వెళ్తూ వెళ్తూ నా చేతిలో కవరు పెట్టకండి, నేను తీసుకోను. మన దేశంలోని సంఘాలు ఇచ్చేదానికి రసీదు అడిగి తీసుకోండి. నగదు 2,000 రూపాయలు దాటితే విరాళం మీద పన్ను మినహాయింపు రాదు, బ్యాంకు ద్వారా పంపడమే మేలు.

ఫోన్లు గేటు దగ్గరే సంచిలో వేయించుకుంటాను. దీనికి చాలామంది ముఖం ముడుచుకుంటారు. ఒకసారి ఒక బృందం మా హోమ్ అమ్మాయిల్లో ఒకరి కథను కన్నీళ్ల సంగీతం జోడించి వీడియోగా పెట్టింది. వారం తిరగకముందే బడిలో తోటి పిల్లలు ఆ మాటలే చెప్పి ఏడిపించారు. ఆ అమ్మాయి బడి మానేస్తానని మొండికేసింది. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెట్టడం పైన చెప్పిన బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మీ సంఘానికి ఫొటో కావాలంటే మీరు వేయించిన దోమతెరలను తీసుకోండి, మీరు బాగు చేయించిన బోరు మోటారును తీసుకోండి.

ఇక తెచ్చే వస్తువులు. పాత బట్టలు వద్దు. బ్యాటరీతో నడిచే బొమ్మలు వద్దు, బ్యాటరీ అయిపోయిన రోజు నుంచి అవి నా బీరువా పైన ఉంటాయి. కొలతలు అడిగి తెచ్చిన బడి బూట్లు, కొత్త లోదుస్తులు, పెద్ద ఆడపిల్లలకు ప్యాడ్లు, దుప్పట్లు, కందిపప్పు, నూనె, గ్యాసు సిలిండరు ఖర్చు ఇవి కావాలి. ప్యాడ్లను అందరి ముందు స్టేజీ మీద పంచకండి, వార్డెన్‌కు ఇస్తే చాలు. భోజనం పెట్టాలనుకుంటే ముందు రోజే చెప్పండి, లేకపోతే వండిన పప్పుచారు పారబోయాలి. బయటి నుంచి బిర్యానీ డబ్బాలు ఎండకు కారులో మధ్యాహ్నమంతా ఉండి వస్తే, రాత్రి కడుపునొప్పులతో లేచేది పిల్లలు, వాళ్లతోపాటు నేను. కోడిగుడ్లూ కూరగాయలూ తెచ్చి మా వంటమ్మతో కలిసి మా పొయ్యి మీదే వండించండి.

మందిగా రావద్దు, అయిదారుగురు చాలు. బడి వదిలాక, నాలుగున్నర దాటాక రండి. పిల్లలను పెళ్లిచూపుల్లో లాగా వరుసగా నిలబెట్టి పాట పాడించకండి. వాళ్లు ఆ వేళ స్నానాలు చేస్తుంటారు, యూనిఫారాలు ఉతుక్కుంటారు, హోంవర్కు రాసుకుంటారు. మీరు ఆ పనిలోకే దిగండి. ఒక ఏడాది బృందంలో ఒక నర్సమ్మ వచ్చింది. ప్రసంగం లేదు, పాట లేదు. అరుగు మీద కూర్చుని ఒక్కొక్క అమ్మాయినీ ముందు కూర్చోబెట్టుకుని కొబ్బరినూనె రాసి, పేల దువ్వెనతో పాయ పాయగా దువ్వింది. దువ్వెనను తెల్లటి గుడ్డకు తుడిచి ఎన్ని పేలు పడ్డాయో చూపిస్తుంటే ఆడపిల్లలు పోటీలు పడి లెక్కపెట్టారు. చీకటి పడేసరికి ఆమె భుజం మీద వాలి ముగ్గురు కబుర్లు చెబుతున్నారు. నేను చూసిన మిషనరీలలో నాకు నచ్చింది ఆమే.

ఏ పిల్లతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకండి. మగవారు ఆడపిల్లల పడకగదుల వైపు అసలు వెళ్లకూడదు, ఎంత పెద్ద దైవజనులైనా సరే.

ప్రార్థన సంగతి. మా దగ్గర హిందూ, లంబాడా, ముస్లిం కుటుంబాల పిల్లలూ ఉన్నారు. సాయంత్రం ప్రార్థనకు ఇష్టమున్నవారు కూర్చుంటారు, లేనివారు చదువుకుంటారు. మీరు పాడండి, కథ చెప్పండి. చేతులెత్తమనడం, ‘యేసయ్యను అంగీకరించినవారు లేచి నిలబడండి’ అనడం, పిల్లలతో సాక్ష్యం చెప్పించడం మాత్రం కుదరదు. మీ మాటలను తెలుగులోకి చెప్పేవారు ఉంటే చాలదు, నాలుగు మాటలు మీరూ నేర్చుకోండి. వి.ఎస్. అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని ఈ పల్లెల్లో తిరిగాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. అజరయ్యకే తెలుగు తప్పలేదు, ఒక్క సాయంత్రానికి వచ్చిన మీకు ‘అన్నం తిన్నావా’ అనడం కష్టమా?

చివరగా, మాట ఇవ్వకండి. ‘వచ్చే ఏడాది మళ్లీ వస్తాం’ అని మీరు మర్యాదకు అంటారు, మా చిన్నవాళ్లు క్యాలెండరులో గీత గీసుకుంటారు. ‘నిన్ను మా ఇంటికి తీసుకుపోతా’ అని నవ్వులాటకు కూడా అనవద్దు. దత్తత చట్టబద్ధంగా కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా జరిగే పని, అదీ బాలల సంక్షేమ సమితి దత్తతకు అర్హులని తేల్చిన పిల్లలకే. ఏదైనా చేయాలనిపిస్తే ఇంటికి వెళ్లాక, నెలకు ఒక సిలిండరో పప్పు బస్తానో ఏడాదిపాటు పంపుతామని మీ సంఘ పెద్దలతో తీర్మానం చేయించి, ఆ కాగితం నాకు పంపండి. పిల్లలకు మాత్రం చెప్పకండి.