విదేశాల్లో రేసింగ్ డ్రైవర్ కెరీర్: డబ్బు కట్టే సీటు నుంచి డబ్బిచ్చే సీటు దాకా

రేసింగ్ అనగానే అందరి చూపూ ఫార్ములా వన్ మీదే. 2026లో కాడిలాక్ పదకొండో టీమ్‌గా వచ్చాక కూడా అక్కడున్నవి 22 సీట్లే, అంతకు ముందు 20. వాటిలో చాలా సీట్లు ఏళ్ళ తరబడి ఖాళీ కావు. అందుకే ఎఫ్1కి ఎలా వెళ్ళాలి అన్న ప్రశ్నను కాస్త పక్కన పెట్టి, ఏ దేశంలో, ఏ రకం కారులో, ఎన్నో ఏట నాకు ఒకరు డబ్బిచ్చి నడిపించుకుంటారు అని ఆలోచించండి. ఎందుకంటే ఈ ఆటలో కింది మెట్ల మీదున్న డ్రైవర్లు దాదాపు అందరూ జీతం తీసుకునేవాళ్ళు కాదు, ఎదురు కట్టేవాళ్ళు. ఎఫ్1 కింద ఎఫ్2, ఎఫ్3, ఎఫ్4 అని మెట్లుంటాయి, అన్నిటికంటే కిందిది ఎఫ్4. యూరప్‌లో మంచి టీమ్‌తో ఒక ఎఫ్4 సీజన్‌కు కొన్ని లక్షల యూరోలు అవుతాయి, ఎఫ్3 అయితే పది లక్షలు దాటుతుంది, ఎఫ్2 ఇరవై లక్షల పైమాటే. ఎఫ్1 డ్రైవర్ ఎస్తెబాన్ ఒకాన్ కెరీర్ కోసం అతని తల్లిదండ్రులు ఇల్లు అమ్ముకుని కారవాన్‌లో బతికారని అందరూ చెప్పుకుంటారు. నిజమే, కానీ ఇల్లు అమ్ముకుని కూడా ఎక్కడికీ చేరని కుటుంబాల గురించి ఎవరూ రాయరు కదా.

మొదలు కార్టింగ్‌తోనే, అంటే కార్ట్ అనే చిన్న రేసు బండితో. ఎనిమిది, పదేళ్ళకే కార్ట్ ఎక్కినవాళ్ళే ఎక్కువ, అయితే ఆలస్యమైతే అయిపోయినట్టేనని కాదు. జపాన్ డ్రైవర్ టకుమా సాటో ఇరవై ఏళ్ళ దగ్గర పడే దాకా సైకిల్ రేసులు చేసి, ఆ తర్వాత సుజుకా రేసింగ్ స్కూల్‌కు వెళ్ళి, 2001లో బ్రిటిష్ ఎఫ్3 టైటిల్ గెలిచి, చివరికి అమెరికాలోని పేరున్న రేసు ఇండీ 500ని 2017లో ఒకసారి, 2020లో ఇంకోసారి గెలిచాడు. కార్టింగ్‌లో అంతర్జాతీయ స్థాయి కూడా చవకేం కాదు. నన్నడిగితే అక్కడ మూడో సీజన్‌కు ఖర్చు పెట్టేకంటే ఆ డబ్బు ఎఫ్4 టెస్టింగ్‌కు దాచుకోవడం మేలు.

ఎఫ్4కి కనీస వయసు 15. ఇటలీ, బ్రిటన్, స్పెయిన్, ఇలా చాలా చోట్ల ఉంది కాబట్టి ఎక్కడ సులువుగా గెలుస్తామా అని వెతకాలనిపిస్తుంది. వద్దు. ఎనిమిది కార్లున్న సిరీస్‌లో కప్పు కొట్టినదానికంటే, ముప్పై కార్లు బారులు తీరే ఇటాలియన్ ఎఫ్4లో ఆరో స్థానం టీమ్ మేనేజర్ల కళ్ళకు పెద్దది. పైగా రేసు ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫైయింగ్‌లో పదో వంతు సెకను తేడాతో అయిదు స్థానాలు పోవడం అంటే ఏమిటో తెలిసేది అక్కడే.

ఇక కాగితాల సంగతి. చాలామంది దీన్ని ఆఖరి వారానికి వదిలేసి టెన్షన్ పడతారు. అంతర్జాతీయ రేసింగ్ లైసెన్స్ ఇచ్చేది ప్రపంచ మోటార్ స్పోర్ట్ సంస్థ ఎఫ్ఐఏ నేరుగా కాదు, ఎఫ్ఐఏ గుర్తించిన మీ జాతీయ మోటార్ స్పోర్ట్ సంస్థ. మరో దేశంలో పోటీ చేయాలంటే ఆ సంస్థ అనుమతి కూడా కావాలి. మెడికల్ పరీక్షలు ఉంటాయి. హెల్మెట్, సూట్, తలను, మెడను కాపాడే హాన్స్ పరికరం అన్నీ ఆ సిరీస్ అడిగే ఎఫ్ఐఏ ప్రమాణంలోనే, గడువు తీరకుండా ఉండాలి, లేకపోతే రేసుకు ముందు జరిగే తనిఖీలోనే (స్క్రూటినీ) ఆపేస్తారు. వీసా మరీ ముఖ్యం. షెంగెన్ దేశాల్లో షార్ట్ స్టే మీద ఉంటే ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. రేసులు నెలకు ఒకటే కదా అనుకుంటారు గానీ టెస్టులు, సిమ్యులేటర్ రోజులు, టీమ్ వర్క్‌షాప్‌లో గడిపే రోజులు కలిపితే జులై కల్లా లెక్క నిండిపోతుంది. బ్రిటన్ షెంగెన్‌లో లేదు, దానికి వేరే వీసా, వేరే లెక్క. డబ్బు తీసుకుని నడపడం మొదలయ్యాక విజిటర్ వీసా సరిపోతుందని అనుకోకండి, ఆ దేశపు నిబంధనలు తెలిసిన లాయర్‌ను ఒకసారి కలవండి. జలుబు మందుల విషయంలోనూ జాగ్రత్త, కొన్నింటిలో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ సమయంలో పరిమితి దాటితే డోపింగ్ కిందికే వస్తుంది.

టీమ్‌ను ఎంచుకునేటప్పుడు కారు రంగులు, హాస్పిటాలిటీ ట్రక్కు చూసి పడిపోవద్దు. నా ఇంజినీర్ ఎవరు, సీజన్‌లో ఎన్ని టెస్ట్ రోజులు, టీమ్‌మేట్ డేటా పూర్తిగా చూపిస్తారా అని అడగండి. మీకంటే వేగంగా నడిపే టీమ్‌మేట్ దొరకడం అదృష్టం. ఇగో దెబ్బతింటుంది, తిననివ్వండి.

డేటా చూడటం అంటే ఏమిటో కొంచెం దగ్గరగా చెబుతాను, ఎందుకంటే వేగం వచ్చేది అక్కడి నుంచే. ఇద్దరి ల్యాప్‌లనూ స్క్రీన్ మీద ఒకదానిపై ఒకటి పరుస్తారు. వేగవంతమైన డ్రైవర్ బ్రేక్ ప్రెషర్ గీత నిట్టనిలువుగా లేస్తుంది, రెప్పపాటులో గరిష్ఠానికి చేరి, స్టీరింగ్ తిరిగే కొద్దీ మెల్లమెల్లగా దిగుతుంది. కొత్తవాడి గీత ముందే మొదలై, నెమ్మదిగా ఎక్కి, మలుపు మధ్య దాకా సాగుతుంది. ఆ తర్వాత థ్రాటిల్ (యాక్సిలరేటర్) గీత చూడండి: తొందరపడి ముందే తొక్కేసి, కారు బయటికి తోసుకుపోతుంటే భయపడి కొంచెం వదులుతాడు, అక్కడ చిన్న గుంట కనిపిస్తుంది. ఆ ఒక్క గుంట వల్ల తర్వాతి స్ట్రెయిట్ (తిన్నని దారి) అంతా వేగం పోతుంది. మరుసటి సెషన్‌లో ఆ గుంట లేకుండా చేయడమే మీ పని, మిగతా పదిహేను మలుపుల సంగతి తర్వాత. ఇంజినీర్‌తో మాట్లాడేటప్పుడు కారు బాగాలేదు అని చెప్పి ఊరుకుంటే అతనేం చేస్తాడు? ఎంట్రీలో ఏం జరిగింది, మధ్యలో ముందు టైర్లు జారాయా వెనకవా, ఎగ్జిట్‌లో ఎలా ఉంది, ఎన్నో ల్యాప్ నుంచి అలా ఉంది, ఇంత విడమరిచి చెప్పాలి. ఇది చాలా చోట్ల ఇంగ్లిష్‌లో చెప్పాలి, గంటకు 200 కిలోమీటర్ల మీద రేడియోలో కూడా చెప్పగలగాలి.

ఒళ్ళు కూడా అంతే ముఖ్యం. ఎఫ్1 కార్లకు పవర్ స్టీరింగ్ ఉంది గానీ ఎఫ్2కి, అమెరికా సిరీస్ అయిన ఇండీకార్‌కు లేదు, భుజాలు, ముంజేతులు అలిసిపోతే రేసు చివర్లో లైన్ తప్పుతుంది. మెడ కండరాలకు ప్రత్యేకంగా కసరత్తు చేయాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి, దారి ఒక్కటే కాదు. ఎఫ్1 నడపడానికి తప్పనిసరి అయిన సూపర్ లైసెన్స్‌కు మూడేళ్ళలో 40 పాయింట్లు కావాలి, ఎఫ్2లో మొదటి మూడు స్థానాల్లో వస్తే అవి ఒక్క సీజన్‌లోనే దొరుకుతాయి. సరే, రాలేదనుకోండి, లేదా డబ్బు అయిపోయింది. స్పెయిన్ డ్రైవర్ అలెక్స్ పలో యూరప్‌లో ముందుకు వెళ్ళే దారి కనిపించక జపాన్ వెళ్ళాడు, 2019లో అక్కడి పెద్ద సిరీస్ సూపర్ ఫార్ములాలో నడిపాడు, మరుసటేడు ఇండీకార్‌లో అడుగుపెట్టి 2021లోనే టైటిల్ కొట్టాడు, 2025లో టైటిల్‌తో పాటు ఇండీ 500 కూడా గెలిచాడు. మార్కస్ ఎరిక్సన్ ఎఫ్1 సీటు పోయాక అమెరికా వెళ్ళి 2022లో ఇండీ 500 గెలిచాడు. అమెరికాలో కింది సిరీస్‌లు గెలిచినవాళ్ళకు పై మెట్టుకు స్కాలర్‌షిప్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది, డబ్బు తక్కువగా ఉన్నవాళ్ళు ముందు అటు చూడాలి. అమ్మాయిలకు 2023లో మొదలైన ఎఫ్1 అకాడమీ అనే సిరీస్ ఉంది. 2024 చాంపియన్ అబీ పుల్లింగ్‌కు తర్వాతి ఏడాది బ్రిటన్ సిరీస్ జీబీ3లో ఖర్చు లేని సీటు దక్కింది.

జీతం మాత్రం ఎక్కువమందికి రోడ్డు మీది స్పోర్ట్స్ కార్ల నుంచి తయారుచేసిన జీటీ కార్ల రేసుల్లో, గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసుల్లోనే దొరుకుతుంది. అక్కడ ఎఫ్ఐఏ డ్రైవర్లను పై నుంచి కిందికి ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని విడగొడుతుంది. వరల్డ్ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్‌లో జీటీ కార్ల క్లాసు అయిన ఎల్‌ఎంజీటీ3లో ప్రతి కారులోనూ ఒక బ్రాంజ్ డ్రైవర్ ఉండి తీరాలి, అతను చాలాసార్లు సొంత డబ్బున్న వ్యాపారవేత్త. అతనికి నేర్పిస్తూ, అతను పోగొట్టిన సెకన్లు వెనక్కి తెచ్చే కుర్రాళ్ళకు గిరాకీ. గోల్డ్ వేగం ఉండి చేతిలో సిల్వర్ కార్డు ఉన్నవాడికి ఫోన్ ఆగదు. అందులోంచి కొందరు తయారీ కంపెనీల ఫ్యాక్టరీ డ్రైవర్లవుతారు, అంటే నెల జీతం, ప్రయాణ ఖర్చులు, సిమ్యులేటర్ పని అన్నీ. కోచింగ్ ఇచ్చి బతకడాన్ని చిన్నచూపు చూడకండి, బ్రాంజ్ డ్రైవర్లతో పరిచయాలు ఏర్పడేది అక్కడే.

సంతకం పెట్టే ముందు ఒప్పందంలో మూడు చోట్ల ఆగి చదవండి. ఒకటి, ప్రమాదంలో కారు దెబ్బతింటే ఎవరు కట్టాలి. కింది సిరీస్‌లలో మామూలుగా డ్రైవరే, పక్కవాడు వచ్చి గుద్దినా సరే, కాబట్టి పైపరిమితి రాయించుకోండి, ఇన్సూరెన్స్ దొరికితే తీసుకోండి. రెండు, టెస్టింగ్, టైర్లు ధరలో కలిసి ఉన్నాయా లేక విడిగా బిల్లు వస్తుందా. మూడోది మేనేజర్ లేదా పెట్టుబడిదారుడి వాటా. ఎన్నేళ్ళ దాకా, ఏ ఆదాయం మీద, ఇక చాలు అనుకుంటే బయటికి రావడం ఎలా అన్నది లేని కాగితం మీద సంతకం పెట్టకండి.

స్పాన్సర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు స్టిక్కర్ ఎక్కడ కనిపిస్తుందో చెప్పడం కాదు, ఆ కంపెనీ తన కస్టమర్లను పిట్‌లోకి తెచ్చుకుని ఏ వ్యాపారం చేసుకోగలదో చెప్పాలి. చిన్న సిరీస్ అయితే టీవీలో ఎవరూ చూడరని వాళ్ళకూ తెలుసు.

యూరప్‌లో సీట్ల బేరాలు ఎక్కువగా శరదృతువు నుంచి చలికాలం దాకా, సీజన్ అయ్యాక జరిగే టెస్టుల చుట్టూనే నడుస్తాయి. అప్పటికి నాలుగైదు టీమ్‌లకు ఈమెయిల్ వెళ్ళి ఉండాలి: ఫలితాలు, ఒక ఆన్‌బోర్డ్ వీడియో, లైసెన్స్ గ్రేడ్, చేతిలో నిజంగా ఉన్న బడ్జెట్. ఆ అంకె పెంచి రాయకండి. మేనేజర్ ఎలాగూ రెండో ప్రశ్నకే దాని రుజువు అడుగుతాడు.