రక్త పరీక్ష రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: శాతం వెనక సంఖ్య

పోయిన పాఠంలో డిఫరెన్షియల్ కౌంట్‌లోని (ఏ రకం తెల్లకణం ఎంత శాతమో చెప్పే లెక్క) ఐదు రకాల తెల్ల రక్తకణాలనూ గుర్తుపట్టాం. ఇప్పుడు వాటి పక్కనుండే అంకెలు చదవాలి. చాలామంది పొరబడేది ఇక్కడే.

ముందుగా, వేలికి ముల్లు గుచ్చుకుందనుకోండి. ముల్లుతోపాటు బ్యాక్టీరియా కూడా లోపలికి పోతుంది. చర్మం కింద కాపు కాసే మాక్రోఫేజ్ కణాలు దాన్ని పసిగట్టి రసాయనాలు వదులుతాయి. అక్కడి సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. వేలు ఎర్రబడి, వాచి, సలుపుతుంది. రక్తంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ అనే తెల్లకణం ఒకటి నాళం గోడ మీద దొర్లుతూ వచ్చి, ఒకచోట అతుక్కుంటుంది. గోడ కణాల మధ్య సందులోంచి ఒళ్లు సన్నం చేసుకుని బయటికి జారుతుంది. దొరికిన బ్యాక్టీరియాను చుట్టేసి మింగుతుంది. చివరికి అక్కడే చచ్చిపోతుంది. చీములో ఎక్కువ భాగం ఇలా చచ్చిన న్యూట్రోఫిల్సే. ఇది తెలిశాక నాకు చీము అంటే అసహ్యం పోయింది.

1882లో ఎలీ మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త నక్షత్రచేప లార్వాలో గులాబీ ముల్లు గుచ్చి, మర్నాడు దాని చుట్టూ కణాలు మూగి ఉండడం చూశాడు. కణాలు శత్రువును మింగుతాయన్న ఆలోచన అక్కడే బలపడింది. 1908లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఎముక మజ్జ రోజుకు దాదాపు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్ తయారుచేస్తుంది. పోరు ముదిరితే నిల్వలు కూడా బయటికి తోస్తుంది, పూర్తిగా ఎదగని బ్యాండ్ కణాలతో సహా. రిపోర్టులో అంకె పెరిగేది అందుకే. వైరస్ విషయంలో బరువు ఎక్కువగా లింఫోసైట్స్ అనే మరో రకం తెల్లకణాల మీద పడుతుంది. వాటి సంగతి వచ్చే పాఠంలో.

ఇప్పుడు లెక్క. ఒక పెద్దవారి రిపోర్టు ఇలా ఉంది: టోటల్ కౌంట్ (మొత్తం తెల్లకణాలు) మైక్రోలీటరుకు 3,000, న్యూట్రోఫిల్స్ 30 శాతం, లింఫోసైట్స్ 60 శాతం. చూడగానే "లింఫోసైట్స్ ఎక్కువయ్యాయి" అనిపిస్తుంది. ఆగండి, టోటల్‌ను శాతంతో గుణించి 100తో భాగించండి. లింఫోసైట్స్ 1,800 వస్తాయి. పెద్దవారిలో మామూలుగా 1,000 నుంచి 4,000 దాకా ఉంటాయి కాబట్టి ఇవి సరిగ్గానే ఉన్నాయి. న్యూట్రోఫిల్స్ మాత్రం 900 వచ్చాయి. 1,500 కన్నా తక్కువంటే తగ్గినట్టే. అంటే లింఫోసైట్స్ పెరగలేదు, పక్కవి తగ్గడం వల్ల వాటి వాటా పెద్దగా కనబడింది. చిన్నపిల్లల్లో లింఫోసైట్సే ఎక్కువ వాటా, వాళ్ల రిపోర్టును ఈ హద్దులతో చూడకండి.

న్యూట్రోఫిల్స్ 500 కన్నా దిగితే పరిస్థితి ప్రమాదకరం. మింగే కణాలే కరువైనప్పుడు ముల్లు గుచ్చుకున్నచోట చీము పట్టదు, వాపు కూడా సరిగా రాదు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. అంత తక్కువ కౌంట్‌తో జ్వరం వస్తే తెల్లారేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అభ్యాసం: టోటల్ 15,000, శాతాల్లో న్యూట్రోఫిల్స్ 84, లింఫోసైట్స్ 10, మోనోసైట్స్ 4, ఇసినోఫిల్స్ 2, బేసోఫిల్స్ 0. ల్యాబ్ వాళ్లు లింఫోసైట్స్ పక్కన "తక్కువ" అని గుర్తు పెట్టారు. నిజంగా తక్కువేనా? లెక్క వేసి కాగితం మీద రాసుకోండి. జవాబు 4వ పాఠం మొదట్లో చూద్దాం.