డ్యాక్ మార్చే ముందు గదిని చూడండి: విశాఖ ఫ్లాట్లలో ఆడియో సమస్యలు - పరిష్కారాలు

లక్షలు పోసి స్పీకర్లు, ఆంప్ (యాంప్లిఫయర్), డ్యాక్ (డిజిటల్ పాటని ఆంప్‌కి అందే సిగ్నల్‌గా మార్చే పెట్టె) కొన్నాక "షోరూమ్‌లో విన్నట్టు లేదే" అనిపిస్తే చాలామంది ముందు డ్యాక్‌ని అనుమానిస్తారు, తర్వాత కేబుళ్లని. నా లెక్కలో మొదటి అనుమానం గది మీద పెట్టాలి. ఆ తర్వాత సెట్టింగులు, కరెంటు. డ్యాక్ వంతు అన్నిటికన్నా చివర్న.

సమస్య: మృదంగం తొప్పి గుమ్మంటోంది, గాత్రం దాని కింద మునిగిపోతోంది

ఎంవీపీ కాలనీ అయినా మధురవాడ అయినా, ఫ్లాట్లో బెడ్‌రూమ్ అంటే ఇంచుమించు 12 × 10 అడుగులు, స్లాబు ఎత్తు 10 అడుగులు. ఎదురెదురు గోడల మధ్య కొన్ని ఫ్రీక్వెన్సీలు ఇరుక్కుని ఉబ్బిపోతాయి. లెక్క సులువే: 343ని గది కొలత (మీటర్లలో) రెట్టింపుతో భాగించండి. 12 అడుగులకి సుమారు 47 హెర్ట్జ్, 10 అడుగులకి 56. వెడల్పు, ఎత్తు రెండూ పదే అయితే 56 దగ్గర దెబ్బ రెండింతలు.

తేల్చుకోవడానికి ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసి, దాన్ని మీ స్పీకర్లలో మోగించి, వాల్యూమ్ తక్కువలో ఉంచి, 40 నుంచి 120 హెర్ట్జ్ వరకూ మెల్లగా పెంచుతూ కుర్చీలోనే కూర్చుని వినండి. ఒక చోట కిటికీ అద్దం కూడా గలగలమంటుంది, ఇంకో చోట శబ్దమే మాయమవుతుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్, దానికి తోడు యూమిక్-1 లాంటి కొలత మైకు చాలు.

ముందు కుర్చీ జరపండి. పైసా ఖర్చు లేదు. గది పొడవుకి సరిగ్గా నడుమ కూర్చుంటే 47 వినబడదు, వెనక గోడకి ఆనుకుంటే మోత. 12 అడుగుల గదిలో వెనక గోడకి నాలుగున్నర అడుగుల ఎడంతో మొదలుపెట్టి అటూ ఇటూ జరిపి చూడండి. స్పీకర్లని మూలల్లోంచి బయటికి లాగండి. అప్పటికీ తగ్గకపోతే మూలల్లో నేల నుంచి స్లాబు దాకా రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చే రాతి నార) మందంగా పేర్చాలి. ఆన్‌లైన్‌లో అమ్మే అంగుళం ఫోమ్ ఇక్కడ పనికిరాదు. 56 హెర్ట్జ్ తరంగం పొడవు ఆరు మీటర్లు, దానికి ఆ ఫోమ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మిగిలిన ఉబ్బుని ఈక్యూ (ఈక్వలైజర్)తో తగ్గించవచ్చు. మాయమైన చోట మాత్రం ఈక్యూతో పెంచకండి, ఆంప్‌కి బరువు తప్ప ఫలితం ఉండదు.

సమస్య: చప్పట్లు కొడితే 'ట్రింగ్'మని సాగుతోంది, వయొలిన్ గీరినట్టుంది

విట్రిఫైడ్ టైల్స్, నున్నటి గోడలు, పైన స్లాబు. అన్నీ గట్టివే, శబ్దం వాటి మధ్య బంతిలా తిరుగుతోంది.

మీరు కుర్చీలో కూర్చోండి. ఇంట్లో ఇంకొకరిని పక్క గోడ వెంట అద్దం జరుపుతూ వెళ్లమనండి. అద్దంలో మీకు స్పీకర్ ట్వీటర్ (పైస్థాయులు పలికే చిన్న యూనిట్) ఎక్కడ కనబడితే అక్కడ పెన్సిల్‌తో గుర్తు. రెండు గోడల మీదా ఆ చోట్లలో నాలుగంగుళాల రాక్‌వూల్ ప్యానెల్, గోడకి రెండంగుళాల ఎడంతో. పైన కప్పడానికి గాలి ఆడే గుడ్డ కావాలి. గోనె గుడ్డ చక్కగా సరిపోతుంది. (భీమిలి పేరుతోనే 'బిమ్లి జ్యూట్'గా బయటి దేశాలకి వెళ్లిన గోగునార మన దగ్గరిదే కదా, వాడుకుందాం.) రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్క్, గ్లవ్స్ తప్పనిసరి. నేల మీద మందపాటి తివాచీ వేయండి. గోడలన్నీ కప్పేయకండి, పైస్థాయులు చచ్చిపోయి మోత ఒక్కటే మిగులుతుంది.

సమస్య: పాట ఆగినా 'హూఁ' అని శబ్దం

లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. పోయిందా? అయితే గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ తీగల మధ్య కరెంటు చుట్టు తిరగడం. అన్నీ ఒకే బోర్డుకి పెట్టండి, లేదా డ్యాక్‌కి యూఎస్‌బీ బదులు ఆప్టికల్ కేబుల్ వాడండి, అందులో కరెంటు దారే ఉండదు. పోలేదా? ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. హమ్ పోతుందని ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టడం ప్రాణాల మీదికి తెచ్చే పని.

సమస్య: ఒక పక్క కరకర, వచ్చీపోయీ శబ్దం

బీచ్ రోడ్, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు వాళ్లకి ఇది బాగా తెలుసు. ఉప్పుగాలి. అన్నీ ఆఫ్ చేసి డ్యాక్ నుంచి ఆంప్ వెనక్కి వచ్చే ఎడమ, కుడి కేబుళ్లు తారుమారు చేయండి. కరకర కూడా పక్క మారితే లోపం కేబుల్లోనో దానికి ముందో ఉంది. మారకపోతే ఆంప్, స్పీకర్ వైపు. స్పీకర్ వైరు కొస చూడండి: రాగి పచ్చబడి చిలుము పట్టి ఉంటే ఆ అంగుళం కత్తిరించి కొత్తగా ఒలిచి బిగించండి. ప్లగ్గుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సముద్రానికి దగ్గరగా ఉంటే బనానా ప్లగ్గులు (స్పీకర్ వైరు కొసకి బిగించేవి) బంగారు పూతవి తీసుకోవడం దండగ కాదు.

సమస్య: గొంతు రెండు స్పీకర్ల నడుమ నిలబడటం లేదు, బేస్ పల్చగా ఉంది

ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తిరగబడ్డాయి. సరిచేయండి, అంతే.

సమస్య: హై-రెస్ (సీడీని మించిన రేటు) ఫైలే, డ్యాక్ మీద మాత్రం 48 కిలోహెర్ట్జ్ అని చూపిస్తోంది

ఫోన్, విండోస్ అన్ని శబ్దాలనీ కలిపి ఒకే రేటుకి మార్చి పంపుతున్నాయి. విండోస్‌లో ప్లేయర్‌ని ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో పెట్టండి. ఆండ్రాయిడ్‌లో యూఎస్‌బీ డ్యాక్‌ని నేరుగా నడిపే ప్లేయర్ వాడండి. బ్లూటూత్ అయితే ఎక్కువ నాణ్యత కోసం చేసిన ఎల్‌డాక్ పద్ధతి కూడా గరిష్ఠంగా 990 కేబీపీఎస్ దగ్గర ఆగుతుంది. ఈ నంబర్ గురించి మరీ టెన్షన్ పడకండి. సీడీ 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ చెవికి వినబడేదంతా పట్టుకుంటుంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారి 78 ఆర్‌పీఎం రికార్డుని 192 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించినా అదనంగా వచ్చేది సూది గరగరే.

ఇంకా కొనకపోతే

డబ్బు ముందు స్పీకర్లకి, తర్వాత గదికి, మిగిలింది డ్యాక్‌కి. షోరూమ్‌లో రెండు సెట్లు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేయించండి, కాస్త గట్టిగా మోగేదే చెవికి బాగుంటుంది. మీకు కంఠతా వచ్చిన పాటే వినండి. వీలైతే వారం రోజులు ఇంట్లో పెట్టి చూస్తానని అడగండి. అమెరికా నుంచి అన్నయ్యో బావగారో తెచ్చే సరుకైతే వెనక ప్లేటు మీద వోల్టేజ్ చదవండి. 120 అని మాత్రమే ఉంటే మన 230కి నేరుగా పెట్టగానే కాలిపోతుంది. ఆంప్ వాటేజ్‌కి మించిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని ఖర్చు, ఇక్కడ చెల్లని వారంటీ కలుపుకుని చూస్తే ఇక్కడ కొన్నదే చవక పడవచ్చు.