వరంగల్‌లో ఉండి .22 కొనాలనుకుంటే

.22 తుపాకీ (గొట్టం లోపలి వెడల్పు, అంటే బోర్, 0.22 అంగుళాలు) గురించి అడిగేవాళ్లలో చాలామంది మొదట అడిగేది "ఏ కంపెనీది మంచిది" అనే. నేను తిరిగి అడిగేవి రెండే: తూటాలు ఎక్కడ కొంటారు, ఎక్కడ కాలుస్తారు? వీటికి జవాబుంటే ఎంపిక సగం అయిపోయినట్టే. హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఉండి, రేంజ్‌కు వెళ్లాలంటే కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ దాకా పోవాల్సిన మనకు, అమెరికా వాళ్లు వీడియోల్లో చెప్పే లిస్టులు పెద్దగా పనికిరావు. వాళ్లకు షాపుకెళ్తే పది రకాల తూటాలు దొరుకుతాయి, ఇంటి వెనక కాల్చుకునే జాగా కూడా ఉంటుంది. మనకు లైసెన్సు, కోటా (లైసెన్సు మీద కొనగలిగే తూటాల సంఖ్య), రేంజ్ ఈ మూడూ కలిసొచ్చాకే తుపాకీ.

ముందు తూటా సంగతి. .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్) 1887 నుంచి ఉన్న తూటా, నేటికీ ప్రపంచంలో ఎక్కువ మంది కాల్చడం నేర్చుకునేది దీనితోనే. దీన్ని రిమ్‌ఫైర్ అనడానికి కారణం, నిప్పు పుట్టించే మందు తూటా అడుగున మధ్యలో కాకుండా చుట్టూ ఉన్న అంచు లోపల ఉంటుంది, ఫైరింగ్ పిన్ ఆ అంచును నలగ్గొట్టగానే అంటుకుంటుంది. అందుకే కాల్చిన ఖాళీ కేసును మళ్లీ నింపి వాడుకోలేం. అందుకే చాలా మోడళ్లలో ఖాళీ చాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) మీద ట్రిగ్గర్ నొక్కితే పిన్ నేరుగా చాంబర్ అంచుకు తగిలి అక్కడ గుంట పడుతుంది, కాబట్టి మీ మోడల్‌కు డ్రై ఫైర్ (ఇలా ఖాళీగా ట్రిగ్గర్ నొక్కడం) ఫరవాలేదని మాన్యువల్‌లో రాసి ఉంటే తప్ప చేయకండి. బుల్లెట్ బరువు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాముల సీసం. కాల్చినప్పుడు వెనక్కి తగిలే దెబ్బ భుజానికి దాదాపు తెలియదు, అందుకే నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు. పెద్ద బోర్‌తో మొదలుపెట్టినవాళ్లు శబ్దానికి, దెబ్బకు ముందే బిగుసుకుపోతారు, ఆ అలవాటు ఏళ్లపాటు వదలదు. .22లో గురి తప్పితే తప్పు ఊపిరిదో, ట్రిగ్గర్ మీద వేలిదో అక్కడికక్కడే తెలుస్తుంది.

చిన్న బోర్ కదా అని తక్కువ చేసి చూసేవాళ్లంటే నాకు నిజంగా కోపం వస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్ 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో గెలిచిన రజతం .22తోనే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో తెచ్చిన కాంస్యమూ అంతే. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఏషియాడ్‌లో పతకాలు కొట్టి, పారిస్‌లో ఆడిన 25 మీటర్ల పిస్టల్‌ కూడా ఇదే తూటా. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. యాభై మీటర్ల దూరంలో పడుకుని, మోకాలి మీద కూర్చుని, నిలబడి దాన్ని మళ్లీ మళ్లీ కొట్టాలి.

ఇక లైసెన్సు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దరఖాస్తు కూడా పెట్టకుండా మోడళ్ల మీద వాదించుకోవడం మానేయండి. వయసు 21 నిండాలి, క్రీడా శిక్షణకు వచ్చే చిన్నవాళ్లకు వేరే నిబంధనలున్నాయి. వరంగల్ కమిషనరేట్ పరిధిలో ఉంటే పోలీసు కమిషనర్ ఆఫీసు, ములుగు, భూపాలపల్లి లాంటి జిల్లాల వాళ్లకు కలెక్టరేట్. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సు మీద రెండు తుపాకులే, అంతకుముందు మూడుండేవి. లైసెన్సు గడువు ఐదేళ్లు. క్రీడాకారులకు తుపాకుల సంఖ్యలో, తూటాల కోటాలో సడలింపులున్నాయి గానీ, అవి పోటీల్లో ఆడి అర్హత స్కోరు తెచ్చుకున్నాకే. విదేశీ తుపాకీని దిగుమతి చేసుకునే వీలు కూడా అలాంటి షూటర్లకే. కాబట్టి ఆటే మీ లక్ష్యమైతే మొదటి రోజు నుంచే రాష్ట్ర షూటింగ్ సంఘం గుర్తింపున్న క్లబ్‌లో చేరి పోటీల కాగితాలు జాగ్రత్తగా దాచుకుంటూ పోండి.

ఇంకోమాట, లైసెన్సు వచ్చేదాకా ఖాళీగా కూర్చోవాల్సిన పనిలేదు. 4.5 మిల్లీమీటర్ల బోర్, 20 జూల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు, 10 మీటర్ల హాలు ఉంటే చాలు. గగన్ నారంగ్ లండన్‌లో గెలిచిన కాంస్యం ఎయిర్ రైఫిల్‌దే. నిలబడటం, ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గర్ నొక్కడం అక్కడ కుదిరితే .22 చేతికొచ్చిన రోజు సగం పని అయిపోయి ఉంటుంది. కాలేజీ పిల్లలైతే ఎన్‌సీసీలో చేరండి. మన దగ్గర చాలామంది జీవితంలో మొదటి .22 రౌండ్ కాల్చేది క్యాంపులో, చాప మీద పడుకుని, ఉస్తాద్ పక్కన నిలబడి ఉండగానే.

రైఫిల్ విషయంలో నా మాట సూటిగా చెప్తా: మొదటిది బోల్ట్ యాక్షనే తీసుకోండి. ప్రతి రౌండ్‌కూ బోల్ట్ ఎత్తి, లాగి, తోసి, మూయాలి, ఆ రెండు మూడు సెకన్లలో మనిషి నిమ్మళిస్తాడు. మన డీలర్ల దగ్గర చేతులు మారే పాతవాటిలో నాకు బాగా నచ్చింది బ్ర్నో మోడల్ 2. చెకోస్లోవేకియాలో తయారైంది, చెక్క బట్టు, వెనక దూరాన్ని బట్టి పైకీ కిందికీ జరిపే సైట్. యాభై అరవై ఏళ్ల వయసున్న రైఫిల్ కూడా బ్యారెల్ బాగుంటే ఇప్పటికీ చక్కగా గ్రూప్ చేస్తుంది, అంటే రౌండ్లన్నీ దగ్గర దగ్గరగా పడతాయి. అదే వంశంలో తర్వాత వచ్చినవి సీజడ్ 452, 455, ఇప్పుడు 457. వీటిలో ఒక తేడా గుర్తుంచుకోండి: పాత 452, 455లో సేఫ్టీ లివర్ వెనక్కి లాగితే ఫైర్ స్థానం, 457లో ముందుకు తోస్తే ఫైర్. రెండూ వాడేవాడికి ఇది తేలికైన విషయం కాదు, ఎవరి రైఫిలైనా చేతికి తీసుకోగానే ముందు బోల్ట్ తెరిచి చాంబర్ చూసి, తర్వాతే సేఫ్టీ ఎటుందో అడగండి. 457లో బోల్ట్ 60 డిగ్రీలు ఎత్తితే చాలు, ట్రిగ్గర్ బరువు సర్దుకోవచ్చు, బ్యారెల్ మార్చుకోవచ్చు. కొత్తది కొనే అవకాశమున్నవాడికి డబ్బుకు తగ్గ రైఫిల్ అంటే నా లెక్కలో ఇదే.

పోటీల దారిలో వెళ్లేవాళ్లకు జర్మనీ ఆన్షుట్జ్. 1954లో వచ్చిన వాళ్ల మ్యాచ్ 54 యాక్షన్ (బోల్ట్, దాని చుట్టూ ఉండే యంత్రభాగం) మీదే 1907, 1913 మోడళ్లు నడుస్తాయి, 1903 మాత్రం చిన్నదైన 64 యాక్షన్ మీద. జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఆడే పిల్లాడికి వాడిన 1903 దొరికితే కళ్లకద్దుకుని తీసుకోవచ్చు, ఆ స్కోర్లలో 1913కి దానికి ఉన్న తేడా కంటే తూటా లాట్‌ల (ఒకేసారి తయారైన బ్యాచ్‌ల) మధ్య తేడా ఎక్కువ. వాల్తర్ కేకే500, ఫైన్‌వెర్క్‌బావ్, బ్లైకర్ ఇవన్నీ గొప్పవే, జాతీయ జట్టు దగ్గరికి వచ్చాక ఆలోచించండి. దేశీయంగా చూస్తే పశ్చిమ బెంగాల్ ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .22 స్పోర్టింగ్ రైఫిల్ చేస్తుంది. ఫినిషింగ్ మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి, కానీ కాగితాల పని తేలిక, రిపేరుకు విదేశాల వైపు చూడక్కర్లేదు. కొనేటప్పుడు ఒకదానితో సరిపెట్టుకోకుండా డీలర్ దగ్గరున్నవన్నీ తీయించి ట్రిగ్గర్, బోల్ట్ పోల్చి చూసి ఎంచుకోండి.

అమెరికాలో అందరూ పొగిడే రూగర్ 10/22 నిజంగా మంచి రైఫిలే, 1964 నుంచి అదే పది రౌండ్ల గుండ్రటి మ్యాగజైన్. కానీ అది సెమీ ఆటోమేటిక్, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారి ఒక రౌండ్ పేలి, తర్వాతిది దానంతటదే ఎక్కుతుంది. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను మన చట్టం వేరుగా చూస్తుంది, లైసెన్సు ఇచ్చే ఆఫీసులో రాతపూర్వకంగా తేల్చుకోకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

పిస్టల్ అంటే అందరికీ ఇష్టమే గానీ రైఫిల్ కంటే చాలా కష్టం. 25 మీటర్ల పోటీలో 30 షాట్లు నిదానంగా, 30 షాట్లు ఒక్కోటి 3 సెకన్లలో, ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాముల బరువుండాలి. ఈ పనికి ఇటలీ పార్డినీ ఎస్‌పీ నాకు అన్నిటికంటే ఇష్టం: మ్యాగజైన్ ట్రిగ్గర్ ముందు ఉంటుంది కాబట్టి పట్టును చేతికి తగ్గట్టు చెక్కించుకోవచ్చు, బ్యారెల్ చేతికి దగ్గరగా కిందికి ఉండటంతో ముక్కు పెద్దగా లేవదు. మోరిని సీఎం22ఎం, వాల్తర్ ఎస్‌ఎస్‌పీ కూడా అదే వరసలోవి. పాతవాటిలో హామెర్లీ 208 దొరికితే వదలకండి. బ్రాండ్ కంటే ముఖ్యమైంది గ్రిప్ సైజు. పెద్ద గ్రిప్‌లో చిన్న చెయ్యి పెట్టుకుని కాలిస్తే వేలు ట్రిగ్గర్‌ను నేరుగా కాకుండా పక్కకు లాగుతుంది, రౌండ్లన్నీ ఒక మూలకు పోతాయి. ఇషాపూర్ వాళ్ల నిడర్ .22 రివాల్వర్ బరువు 250 గ్రాములే, జేబులో ఇమిడిపోతుంది. టార్గెట్ నేర్చుకోవాలనుకునేవాడికి మాత్రం వద్దంటాను, అంత తేలికైన, పొట్టి తుపాకీతో గురి కుదరడం అనుభవమున్నవాళ్లకే కష్టం.

తూటాల దగ్గర కొంచెం ఆగుదాం. మనకు మామూలుగా అందేది కేఎఫ్ ముద్రతో వచ్చే, పుణె దగ్గరి ఖడ్కీ ప్రభుత్వ ఫ్యాక్టరీ సరుకు. షూటర్లు వాడే దిగుమతి వాటిలో ఎలీ, లాపువా, ఎస్‌కే, ఆర్‌డబ్ల్యూఎస్ ముఖ్యమైనవి. టార్గెట్‌కు హై వెలాసిటీ వద్దు, శబ్దం కంటే తక్కువ వేగంతో, సెకనుకు సుమారు 320 నుంచి 330 మీటర్లతో పోయే స్టాండర్డ్ రకమే కావాలి. శబ్దవేగం దాటి బయలుదేరిన బుల్లెట్ దారిలో మళ్లీ ఆ వేగం కిందికి దిగేటప్పుడు చలిస్తుంది.

ఏ తుపాకీకి ఏ తూటా పడుతుందో పేరు చూసి చెప్పలేం, కాల్చి చూడాల్సిందే. పొద్దున్నే గాలి లేనప్పుడు, ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి, 50 మీటర్లలో ఐదేసి రౌండ్ల గ్రూపులు కాల్చండి. రకం మార్చిన ప్రతిసారి మొదటి కొన్ని రౌండ్లు లెక్కలోకి తీసుకోవద్దు, ఎందుకంటే ఒక్కో కంపెనీ బుల్లెట్ మీద పూసే మైనం వేరు, బ్యారెల్ దానికి అలవాటు పడాలి. తర్వాత దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్యల దూరం కొలవండి. ఒక్క మంచి గ్రూపు చూసి మురిసిపోకుండా నాలుగైదు గ్రూపుల సగటు రాసుకోండి. పెట్టె మీద లాట్ నంబర్ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, బాగా పడిన లాట్ దొరికితే కోటా ఉన్నంత మేరకు అదే కొనేయండి.

రౌండ్ పేలకపోతే తొందరపడి బోల్ట్ తెరవకండి. మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, అప్పుడు తీయండి. మామూలు "టప్" బదులు నీరసంగా "పుస్" అని వినిపిస్తే ఇంకా జాగ్రత్త: బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పాడవుతుంది, మనిషికీ ప్రమాదమే. తుపాకీ ఖాళీ చేసి బ్యారెల్‌లోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూశాకే మళ్లీ మొదలుపెట్టాలి.

ఇంకా గట్టిగా చెప్పాల్సింది, .22 రౌండ్ కిలోమీటరు దాటి పోగలదు. చేను గట్టు మీద సీసాలు పెట్టి కాల్చడం, చెరువు నీళ్ల మీదికి కాల్చడం ఎప్పుడూ చేయొద్దు, మెత్తని సీసం నీటిమీద, రాతిమీద తగిలి ఎటు ఎగురుతుందో తెలియదు. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు అడవిలోకి తీసుకెళ్లే ఆలోచన అసలు రావొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, అడవి పందులు పంట పాడుచేస్తున్నా అనుమతి లేకుండా మనంతట మనం కాల్చే హక్కు లేదు.

మన వాతావరణంలో తుపాకీకి అసలు శత్రువు వానాకాలం. రేంజ్ నుంచి వచ్చాక చేతి చెమట తగిలిన ప్రతి ఇనుప భాగాన్నీ కొంచెం నూనె గుడ్డతో తుడవండి. లోపల స్పాంజి ఉన్న కేసు ప్రయాణానికే, నెలల తరబడి అందులోనే ఉంచితే తేమ పట్టుకుని తుప్పు వస్తుంది. బ్యారెల్ శుభ్రం చేసేటప్పుడు రాడ్‌ను వీలైనంత వరకు చాంబర్ వైపు నుంచే పంపండి, మూతి అంచుకు చిన్న గీత పడినా గ్రూపు చెడుతుంది. మే నెలలో తూటాల పెట్టెను కారు డిక్కీలో వదలకండి, ఆ వేడికి మైనం కరుగుతుంది. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా టిఫిన్ బాక్స్ తెరవొద్దు, చేతికి సీసం అంటి ఉంటుంది. ఇంట్లో తుపాకీ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు డిపాజిట్ చేయమని నోటీసు వస్తుంది. ఇచ్చేముందు బ్యారెల్‌కు లోపలా బయటా నూనె కాస్త ఎక్కువే పట్టించి, సీరియల్ నంబర్‌తో రసీదు తీసుకోండి. తిరిగి తెచ్చుకున్నాక ఆ నూనె అంతా తుడిచి, లోపల ఏమీ అడ్డు లేదని వెలుతురులో చూసుకునే మొదటి రౌండ్ ఎక్కించండి.