మత్తయి 2 చదివేటప్పుడు మూడు కాగితం ముక్కలు

బైబిలు కొత్త నిబంధనలో యేసు జీవితం చెప్పే మత్తయి సువార్తలో ‘ప్రవక్త పలికిన మాట నెరవేరింది’ అని వచ్చినప్పుడల్లా రిఫరెన్సు తీసి, ఆ ఒక్క వచనం చూసి మూసేసేవాణ్ణి. అది అసలు ఎవరి గురించి అన్న మాట అని ఎవరైనా అడిగితే తడబడిపోయేవాణ్ణి.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. మూడు కాగితం ముక్కలు చింపి, మత్తయి 2లో వచ్చే పాత నిబంధన ప్రవక్తల మాటలున్న మీకా 5, హోషేయ 11, యిర్మీయా 31 అధ్యాయాల దగ్గర ముందే పెట్టుకుంటాను. మత్తయి 2లో ప్రవక్త మాట రాగానే అక్కడికి వెళ్లి, వచనం ఒక్కటే కాకుండా చుట్టూ పది వచనాలైనా చదివి, ‘ఎవరి గురించి, ఏ సందర్భంలో’ అని కాగితం మీద ఒక ముక్క రాస్తాను. మొత్తం అరగంట పని.

హోషేయ 11:1 చూడండి. ‘నా కుమారుని ఐగుప్తులోనుండి పిలిచితిని’ అనే మాటకు ముందే ‘ఇశ్రాయేలు బాలుడై యుండగా’ అని ఉంది. మూడో వచనంలో దేవుడు ఎఫ్రాయిముకు (ఇశ్రాయేలుకే మరో పేరు) చెయ్యిపట్టి నడక నేర్పిన తండ్రిలా కనిపిస్తాడు. అంటే ఐగుప్తు నుండి బయటికొచ్చిన ఇశ్రాయేలు జనం గురించి అన్న మాట అది. పసివాడిగా ఐగుప్తుకు వెళ్లి తిరిగొచ్చిన యేసు ఆ జనం నడిచిన దారినే మళ్లీ నడిచాడని మత్తయి చూపిస్తున్నాడని నాకు అక్కడే అర్థమైంది. ఎంత సంతోషమేసిందో!

ఒక్క జాగ్రత్త. మత్తయి 2:23లో యేసు ‘నజరేయుడు’ (నజరేతు ఊరివాడు) అనబడతాడనే మాటకు ఈ పద్ధతి పనిచేయదు. అలాంటి వచనం పాత నిబంధనలో ఎక్కడా లేదు. మత్తయి కూడా అక్కడ ‘ప్రవక్తలు’ అని బహువచనంలోనే రాశాడు.