పదిహేనేళ్ల కారు ఆర్సీ రెన్యువల్‌లో ఆగిపోతే: సమస్య – పరిష్కారం

2010, 2011లో వరంగల్‌లో కొన్న ఏపీ 36 నంబర్ కార్లకు పదిహేనేళ్ల గడువు వచ్చేసింది. ఆ తరువాత ఆర్సీని ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు పెట్టవచ్చు. అసలు చిక్కులు తనిఖీలోనే.

సమస్య: పెట్రోల్ కారు పొల్యూషన్ పరీక్షలో తప్పింది

చాలాసార్లు కారణం చల్లటి ఇంజినే. హనుమకొండలో ఇంటి నుంచి నాలుగు వీధులు దాటి పరీక్షకు వెళితే ఇంజిన్ వేడెక్కదు. పొగ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా వేడెక్కితేనే విషవాయువులను హాని తక్కువ వాయువులుగా మారుస్తుంది. అందుకని కాజీపేట వైపు ఇరవై నిమిషాలు నడిపి, ఇంజిన్ ఆపకుండా నేరుగా పరీక్షకు పెట్టండి.

అప్పటికీ తప్పితే చేతికిచ్చిన చీటీ చదవండి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉంటే పెట్రోల్ ఎక్కువై గాలి చాలడం లేదని అర్థం: ఎయిర్ ఫిల్టర్, ఆ తరువాత ఆక్సిజన్ సెన్సర్ చూడాలి. హైడ్రోకార్బన్లు పెరిగితే పెట్రోల్ కాలకుండానే బయటికి పోతోంది: ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్ చూడాలి. చీటీ చూడకుండానే సామాను జాబితా రాసే మెకానిక్‌ను నమ్మకండి.

ఇంకొక మెలిక ఉంది. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌కు బీఎస్-4 (భారత్ స్టేజ్ అనే పొగ ప్రమాణాల్లో నాలుగోది) వచ్చినా, ఆ తరువాత కూడా ఇక్కడ బీఎస్-3 కార్లు అమ్మారు. బీఎస్-3 పెట్రోల్ కారుకు కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం (పది లక్షల్లో 750 వంతులు) వరకు చెల్లుతాయి. బీఎస్-4కు అవి 0.3 శాతం, 200 పీపీఎం మాత్రమే. పరీక్ష చేసే కుర్రాడు పొరపాటున బీఎస్-4 అని నొక్కితే మంచి బండి కూడా తప్పుతుంది. అతను వివరాలు నింపుతుంటే పక్కనే నిలబడి చూడండి. సర్టిఫికెట్ గడువు కూడా బీఎస్-3కి ఆరు నెలలు, బీఎస్-4కు ఏడాది.

సమస్య: డీజిల్ కారు పొగ

నల్ల పొగ అయితే ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు. మేడారం జాతరకో, భూపాలపల్లి బొగ్గు లారీల వెనకో తిరిగిన బండి ఫిల్టర్ విప్పి నేలకు తట్టి చూడండి, రాలే దుమ్మే చెబుతుంది. నీలి పొగ అయితే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. అరిగిన పిస్టన్ రింగులు గానీ, టర్బో సీల్ గానీ కారణం కావచ్చు. ఆ ఖర్చు పెట్టే ముందు కారు విలువ ఎంతో లెక్క వేసుకోవడం మంచిది.

సమస్య: బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తిప్పి పంపాడు

మన దగ్గర ఎంవీఐకి, అంటే మోటారు వాహనాల తనిఖీ అధికారికి, ఆ పేరు ఊరికే రాలేదు, ముందు బ్రేకే తొక్కి చూస్తారు. కారు ఒక పక్కకు లాగితే ఆ పక్క చక్రం క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) పట్టేసి ఉండవచ్చు. హ్యాండ్ బ్రేక్ నిలవకపోతే ముందు కేబుల్ బిగించి చూడండి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కళ్లు చెదిరే తెల్ల బల్బులు తీసి కంపెనీ బల్బులే పెట్టండి. అద్దాల్లోంచి వెలుతురు ముందు, వెనక 70 శాతం, పక్కన 50 శాతం పోవాలి. నల్ల ఫిల్ముతో వెళ్లకండి.

సమస్య: చాసిస్ నంబర్ కనిపించడం లేదు

తుప్పు కింద అంకెలు దాగి ఉంటాయి. ఇసుక కాగితం, ఇనుప బ్రష్ పెట్టవద్దు, అంకెలే అరిగిపోతాయి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డ కాసేపు అక్కడ ఉంచి, పాత టూత్ బ్రష్‌తో నెమ్మదిగా రుద్దండి. ఆరాక పల్చటి కాగితం అంటించి, పెన్సిల్ పక్కవాటుగా రుద్దితే అంకెలు తేలతాయి. అసలే చెరిగిపోతే సొంతంగా పంచ్ కొట్టించకండి, ముందు ఆర్టీఏ అనుమతి తీసుకోవాలి.

సమస్య: బండి బాగానే ఉంది, కాగితం ఆగింది

ఎప్పుడో తీరిన అప్పు కావచ్చు. ఆర్సీ మీద ఫైనాన్స్ పేరు అలాగే ఉండిపోతుంది. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చి ముందు ఆ పేరు తీయించండి. కారు కొన్నాక బిగించిన గ్యాస్ కిట్ ఆర్సీలో ఎక్కిందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.