లెగో అంతరిక్ష నౌక కడదాం – 5వ పాఠం: ఒక్క ప్లేటు తక్కువైన గోడ

ఈ పాఠంలో పడకలు, వంటగది, కాక్‌పిట్ సీట్లు మొదలుపెట్టాలి. మొదలుపెడదాం, కానీ కాస్త ఆగి. పోయిన పాఠం చూసి గోడ కట్టినవాళ్ళలో చాలామందికి బయటి ప్యానెల్ (గోడకి బయటి వైపు నిలువుగా తగిలించే పలక) అతకలేదు. కింది బ్రాకెట్‌కు (స్టడ్లు పక్కకి తిరిగి ఉండే L ఆకారపు ముక్క) చక్కగా పట్టింది, పై బ్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి స్టడ్డు (ముక్క మీద ఉండే చిన్న గుండ్రని బొడిపె) కలవలేదు. కొందరు వేలితో గట్టిగా నొక్కారు, గోడ మధ్యలో ఉబ్బింది. ఒకరికైతే నేలగా వేసిన ప్లేటే, అంటే పలచటి ముక్కే, పైకి లేచింది. ఇంకొందరు వేరే ఇబ్బంది చెప్పారు: లెగో మనిషి బొమ్మకి హెల్మెట్ పెడితే పైకప్పు సరిగ్గా కూర్చోవడం లేదని.

ఈ రెండు ఇబ్బందులకూ కారణం ఒకటే. "ప్రతి మూడు బ్రిక్కుల ఎత్తుకూ ఒక బ్రాకెట్ వరుస" అని నేను రాసిన మాట తప్పు. మీ చేతులు బాగానే పనిచేశాయి, నా కొలతే తప్పింది. ఎందుకు తప్పిందో తెలిస్తే ఇకమీదట ఏ నౌక కట్టినా ఈ చోట ఆగరు. అందుకే ఈ ఒక్క సంగతి దగ్గర ఎక్కువసేపు కూర్చుంటాను. బ్రిక్కులను అతుకు తప్పించి పేర్చడం, నేల కింద ప్లేట్లను అడ్డంగా వేసి బిగించడం లాంటివి మళ్ళీ చెప్పను. అవి ఈపాటికి మీకు చేతనైపోయి ఉంటాయి.

ముందు ఒక పని చేయండి. ఏవైనా ఐదు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చండి. ఆ దొంతరను పక్కకి పడుకోబెట్టి, దాని పక్కన 2 స్టడ్ల వెడల్పున్న ప్లేటు పెట్టండి. వేలి కొసతో రెండిటి అంచూ తడిమి చూడండి. దొంతర చివర పొడుచుకొచ్చే స్టడ్లని వదిలేస్తే సమానంగా తగులుతుంది. మన పని మొత్తం ఈ ఒక్క సమానం మీద నిలబడుతుంది: ఐదు ప్లేట్ల ఎత్తు, రెండు స్టడ్ల వెడల్పు ఒకటే.

ఇప్పుడు అంకెలు. ఒక స్టడ్డు నుంచి పక్క స్టడ్డుకి దూరం 8 మిల్లీమీటర్లు. ప్లేటు ఎత్తు 3.2. మూడు ప్లేట్లు కలిస్తే ఒక బ్రిక్కు, అంటే 9.6. అసలు చిక్కు ఇక్కడే ఉంది. 1×1 బ్రిక్కుని చూస్తే కంటికి ఘనంలా అనిపిస్తుంది. కాదు, అది వెడల్పు కంటే పొడవుగా ఉంటుంది. పైకి పేర్చినంతసేపూ ఆ తేడాతో మనకి పనిలేదు. ప్యానెల్‌ని పక్కకి తిప్పి గోడకి తగిలించిన క్షణం నుంచి మాత్రం అది మనల్ని వదలదు. గోడ 3.2 మిల్లీమీటర్ల మెట్లతో పెరుగుతోంది, ప్యానెల్ స్టడ్లు 8 మిల్లీమీటర్ల అడుగులు వేస్తున్నాయి. ఈ రెండు నడకలూ ప్రతి 16 మిల్లీమీటర్లకు ఒకసారి మాత్రమే కలుస్తాయి. 16 అంటే ఐదు ప్లేట్లు. 32 అంటే పది ప్లేట్లు. 48 అంటే పదిహేను ప్లేట్లు. మధ్యలో ఇంకెక్కడా కలవవు.

నేను చెప్పిన మూడు బ్రిక్కులు అంటే తొమ్మిది ప్లేట్లు, 28.8 మిల్లీమీటర్లు. ప్యానెల్‌కి కావలసింది నాలుగు స్టడ్లు, అంటే 32. తేడా 3.2. సరిగ్గా ఒక్క ప్లేటు. మీ పై బ్రాకెట్ ఒక ప్లేటు కిందికి ఉండిపోయింది, గోడ కూడా పదిహేను వరుసలకి (ఒక వరుస అంటే ఒక ప్లేటు ఎత్తు) బదులు పద్నాలుగుతో ఆగింది. హెల్మెట్‌కి జాగా చాలనిది అందుకే.

ఇప్పటికే కట్టేసినవాళ్ళు గోడంతా విప్పక్కర్లేదు. పై బ్రాకెట్ వరుసను మాత్రం ఎత్తి, దాని కింద ఒక వరుస ప్లేట్లు పరిచి, మళ్ళీ పెట్టండి. ఐదో వరుసలో బ్రాకెట్లు, పదిహేనో వరుసలో మళ్ళీ బ్రాకెట్లు. ఒక్కో ప్యానెల్‌కు కింద రెండు, పైన రెండు చాలు. పదో వరుసలో కూడా పెట్టొచ్చు కానీ బ్రాకెట్లు ఊరికే ఖర్చవుతాయి. నేను పెట్టను. 6 స్టడ్ల పొడవున్న ప్లేటుని నిలువుగా తగిలిస్తే 48 మిల్లీమీటర్లు, అంటే గోడ ఎత్తుకి సరిగ్గా సమానం. కింద నేల అంచు దగ్గర, పైన పైకప్పు అంచు దగ్గర గోరు కూడా పట్టకూడదు. పట్టిందంటే ఎక్కడో ఒక వరుస లెక్క తప్పినట్టే. బలవంతం చేయకండి. లెగో ముక్కల ఏబీఎస్ ప్లాస్టిక్ కాసేపు ఓర్చుకుంటుంది, తర్వాత పగులుతుంది. పగిలిన ముక్క మళ్ళీ ఎక్కడా బిగువుగా పట్టదు.

మందం విషయంలోనూ ఇదే లెక్క. పక్కవైపు స్టడ్డున్న బ్రిక్కుకి నేరుగా ప్లేటు, దాని మీద టైలు (పైన స్టడ్లు లేని నున్నటి ముక్క) తగిలిస్తే 3.2 రెండుసార్లు, 6.4. ఒక స్టడ్ మందం నిండాలంటే ఇంకా 1.6 తక్కువ. అందుకని మూడో ప్లేటు వేశారు కొందరు. అప్పుడు 9.6 అయి 1.6 బయటికి పొడుచుకొచ్చింది. బ్రాకెట్‌లో నిలువుగా ఉండే రేకు మందం సరిగ్గా సగం ప్లేటు, 1.6. బ్రాకెట్ రేకు, ప్లేటు, టైలు కలిస్తే 8. ఒక్క స్టడ్. పక్క స్టడ్డున్న బ్రిక్కులు ఇంట్లో బోలెడు ఉన్నాయి, వాటితో సరిపెట్టొచ్చా అని అడిగినవాళ్ళకి ఇదే జవాబు. ఈ గోడకి కుదరదు. బ్రాకెట్లే తెచ్చుకోండి.

ఇక గదులు.

నౌక బయటి వెడల్పు 12 స్టడ్లు. రెండు పక్కలా ప్యానెల్‌కి ఒక్కో స్టడ్, గోడకి ఒక్కో స్టడ్ పోగా లోపల మిగిలేది 8. పొడవు 30. కాక్‌పిట్ 8, అడ్డగోడ 1, నివాసం 11, అడ్డగోడ 1, సరుకుల గది 9. అడ్డగోడల్ని లెక్కలో వేయడం మరిచిపోయేవాళ్ళే ఎక్కువ, చివరికి సరుకుల గదిలో పెట్టాల్సిన బండి పట్టదు.

8 ఎందుకంటే బొమ్మ వల్ల. లెగో బొమ్మ నడుము 2 స్టడ్లే, కానీ చేతులతో కలిపి చూస్తే దాదాపు 3. పక్కపక్కన ఇద్దరిని కూర్చోబెట్టాలంటే మనిషికి మూడేసి వదలాలి. లెగో వాళ్ళ స్పీడ్ ఛాంపియన్స్ కార్లు మొదట్లో 6 స్టడ్ల వెడల్పుతో వచ్చేవి, 2020 నుంచి 8కి పెంచారు. అప్పటినుంచే వాటిలో ఇద్దరు పక్కపక్కన కూర్చోగలుగుతున్నారు. కాక్‌పిట్‌లో 3, 3, మధ్యలో 2. సీటు వెనక నుంచి బొమ్మ కాళ్ళ కొస దాకా 3 స్టడ్లు వదలండి. ముందుండే కన్సోల్ (మీటల బల్ల) మోకాళ్ళకి తగలకుండా చూసుకోండి. కాక్‌పిట్ గురించి ఇంతకు మించి చెప్పాల్సింది లేదు.

నివాసం అలా కాదు, అక్కడే మనసు పెట్టాలి. 8 వెడల్పుని ఇలా పంచుతాను: పడకల వైపు 3, నడవ 3, వంటగది 2. నడవకి 2 చాలు కదా అనిపిస్తుంది. బొమ్మని నిలబెట్టి చూడండి, చేతులు రెండు పక్కలా రాసుకుంటాయి. పడక 3 వెడల్పు, 6 పొడవు. పడుకున్న బొమ్మకి 5 స్టడ్ల పొడవు పడుతుంది, ఒకటి దిండుకి. పడక మీదంతా టైళ్ళు వేసి, కాళ్ళు వచ్చే చోట మాత్రం రెండు స్టడ్లు బయటికి వదలండి. బొమ్మ కాళ్ళ వెనక ఉండే గుంటలు వాటికి పట్టుకుంటాయి, నౌకను వంచినా మనిషి జారడు. నడుము పైన అలాంటి గుంటలు లేవు, అక్కడ స్టడ్లు వదిలితే బొమ్మ ఎత్తుగా తేలిపోతుంది. కింది పడకకీ పై పడకకీ మధ్య 2 బ్రిక్కుల ఖాళీ ఉంటే సరిపోతుంది. ఆ వైపు మిగిలిన 5లో 1 అడ్డగోడ, 4 మరుగుదొడ్డి.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అయితే పడుకోవడానికి మంచం అక్కర్లేదు. మనిషి నిలబడేంత చిన్న గూడులో, గోడకి కట్టిన నిద్ర సంచిలో దూరి పడుకుంటారు. బరువు తెలియదు కాబట్టి నిలువూ అడ్డమూ ఒకటే. మీ నౌక కూడా అలాంటిదే అనుకుంటే పడకల్ని నిలువుగా గోడకి పెట్టి సగం నేల మిగుల్చుకోవచ్చు. నాకు అడ్డ పడకలే ఇష్టం. పైకప్పు తీసి చూసిన పిల్లలకి ఎవరూ చెప్పకుండానే అది పడక అని తెలియాలి. ఆ కేంద్రం నుంచి నేను తప్పకుండా తెచ్చుకునేది ఒకటుంది: పట్టుకునే కడ్డీలు. లోపల ఎటు చూసినా ఉంటాయి. క్లిప్పు ప్లేట్లు రెండు, వాటికి ఒక సన్న కడ్డీ. నడవ పొడవునా రెండు చోట్ల పెట్టండి. బొమ్మ చెయ్యి ఆ కడ్డీ మందానికే చేసింది, సరిగ్గా పట్టుకుంటుంది.

వంటగదికి వచ్చేసరికి మా మేనకోడలు ఇడ్లీ లేకుండా నౌక బయల్దేరదని పట్టుబట్టింది. మొదట 2×2 గుండ్రని ప్లేటు మీద నాలుగు తెల్లని 1×1 గుండ్రని టైళ్ళు పెట్టాను. బొమ్మ పక్కన పెట్టి చూస్తే ఒక్కో ఇడ్లీ దాదాపు దాని మొహమంత ఉంది. తీసేశాను. ఈ కొలతలో 1×1 గుండ్రని ముక్క అంటే బొమ్మకి పళ్ళెం. ఇడ్లీకి సరిపోయే ముక్క లేదు, కానీ ఇడ్లీ స్టాండుకి ఉంది. 1×1 గుండ్రని ప్లేట్లు ఒకటి లేత బూడిద, ఒకటి తెలుపు, మళ్ళీ బూడిద, మళ్ళీ తెలుపు. ఆరు పేర్చి వంటగట్టు మూల పెట్టాను. ఎత్తు దాదాపు రెండు సెంటీమీటర్లే, అయినా మా ఇంటికొచ్చి చూసినవాళ్ళంతా దాన్ని పేరుపెట్టి గుర్తుపట్టారు. లోపల ఏ వస్తువు చేసినా ముందు బొమ్మ పక్కన నిలబెట్టి చూడండి, తర్వాతే అతికించండి.

రంగుల్లో నా అలవాటు: నేల ముదురు బూడిద, గోడల లోపలి వైపు తెలుపు. పైకప్పు తీసినప్పుడు వెలుతురు అడుగు దాకా పోతుంది. తెల్ల ముక్కలకి ఎండ పడదు, పసుపు తిరుగుతాయి, కాబట్టి నౌకను కిటికీ దగ్గర పెట్టకండి. ఇంకో మాట, ముక్కల్ని రంగుల వారీగా వేరు చేయకండి, ఆకారాల వారీగా చేయండి. తెల్ల ముక్కల కుప్పలో బ్రాకెట్ వెతకడం కష్టం. బ్రాకెట్ల డబ్బాలో తెల్లది ఇట్టే కనబడుతుంది.

పైకప్పు తలుపులా తెరుచుకోవాలా, పూర్తిగా ఎత్తేయాలా అని అడిగారు. ఎత్తేయడమే మేలు. హింజ్ (మడతబందు) పెడితే తెరిచిన పైకప్పు బరువు ఒకే గోడ మీద పడి ఆ గోడ వంగుతుంది. గోడ పైవరుస మీద అంతా టైళ్ళు వేసి, నాలుగు మూలలా ఒక్కో జంపర్ ప్లేటు (మధ్యలో ఒకే స్టడ్డున్న ప్లేటు) పెట్టండి. నాలుగు స్టడ్ల పట్టు, అంతే. ఆ టైళ్ళ వల్ల పైకప్పుకీ ప్యానెల్‌కీ మధ్య ఒక ప్లేటు సందు వస్తుంది. దాన్ని మూయడానికి పైకప్పు అంచు కింద చుట్టూ 1 స్టడ్ వెడల్పు ప్లేట్ల వరుస తగిలించండి.

సరుకుల గది వచ్చే పాఠంలో. ఈలోగా 1979లో వచ్చిన గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్ అనే లెగో సెట్టు ఫోటోలు ఎక్కడైనా చూడండి. లెగో బొమ్మ మనుషులు వచ్చిన మరుసటి ఏడాది వచ్చిన నౌక అది. ఐరోపాలో 928, అమెరికాలో 497 నంబరుతో అమ్మారు. 2022లో 1254 ముక్కలతో, 10497 నంబరుతో మళ్ళీ తెచ్చారు. పాతదాని వెనక తలుపులు ఎలా తెరుచుకుంటాయో, లోపలి చిన్న బండి ఎలా బయటికి వస్తుందో చూడండి. మన తలుపు అక్కడి నుంచే మొదలవుతుంది.

అభ్యాసం: 11×8 నివాసం మొత్తం కట్టండి. లోపల నలుగురు ఉండాలి. ఇద్దరు పడకల్లో, ఒకరు వంటగట్టు దగ్గర, ఒకరు నడవలో కడ్డీ పట్టుకుని. మరుగుదొడ్డి తలుపు నడవలోని మనిషికి తగలకుండా తెరుచుకోవాలి. లోపల టైలు లేని స్టడ్డు కనబడితే దానికో పని ఉండాలి. అయ్యాక పైకప్పు పెట్టి, నౌకను తలకిందులు చేసి పది అంకెలు లెక్కపెట్టండి. పైకప్పు ఊడకూడదు. తిప్పి తెరిచాక పడకల్లోని ఇద్దరూ పడకల్లోనే ఉండాలి. ఊడినవి ఏ ముక్కలో రాసిపెట్టుకోండి, 6వ పాఠం వాటితోనే మొదలుపెడతాను.